వార్డు మూసినా సేవ ఆగకూడదు

ఆసుపత్రిలో ఒక వార్డు మూస్తున్నారంటే "రోగులు ఎక్కడికి పోతారు?" అని అందరూ అడుగుతారు. నర్సులమైన మేము ఇంకొకటి కూడా అడుగుతాము: ఆ వార్డులో జరిగే పనులు ఇక ఎవరు చేస్తారు? వేళకు మందు మింగించడం, రాత్రి ఆయాసపడితే వెళ్ళి చూడడం, మంచం పట్టినవారిని పక్కకు తిప్పడం. మంచాలు తీసేసినంత మాత్రాన ఈ పనులు పోవు.

మద్రాసు నేర్పిన పాఠం

ఒకప్పుడు క్షయ (టి.బి.) రోగులను నెలల తరబడి శానిటోరియంలో ఉంచేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి నడిపినది అటువంటిదే. 1956లో మద్రాసులో ఒక పరిశీలన మొదలైంది. 193 మంది రోగులలో కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి, ఏడాదిపాటు అవే మందులు ఇచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవారు పేదలు, ఇరుకు ఇళ్ళవారు. అయినా రెండు చోట్లా దాదాపు సమానంగా నయమైందని 1959లో తేలింది. ఇంట్లోవారికి జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. తరువాత అనేక దేశాలలో టి.బి. వార్డులు మూతపడ్డాయి.

అయితే ఆ రోగులను ఊరికే ఇంటికి పంపలేదు. క్రమం తప్పక మందులు ఇచ్చారు. చెప్పకుండా ఇంటికి వెళ్ళి చూశారు. మందు మింగుతున్నారో లేదో మూత్ర పరీక్షతో తెలుసుకున్నారు. వార్డులోని పని రోగి వెంట ఇంటికి వెళ్ళింది.

2020లో ఇలా జరగలేదు. కోవిడ్ కోసం ఎన్నో వార్డులను, సిబ్బందిని మళ్ళించారు, ప్రయాణాలూ ఆగిపోయాయి. 2019లో మన దేశంలో సుమారు 24 లక్షల టి.బి. కేసులు నమోదు కాగా, 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. జబ్బు తగ్గి కాదు, రోగులు ఆసుపత్రికి చేరలేక.

సిబ్బంది మీద భారం

ఇంటికి పంపలేని రోగులను పక్క వార్డులో చేర్చుతారు. అక్కడ నర్సుల సంఖ్య పెరగకపోతే ప్రమాదమే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఒక నివేదిక ప్రకటించారు. ఒక్కో నర్సుకు ఒక్కో రోగి పెరిగినకొద్దీ, ఆపరేషన్ రోగులు నెలలోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనబడింది. నర్సుల అలసట, అసంతృప్తి కూడా పెరిగాయి. అందుకే మూసిన వార్డు నర్సులను రోగులతోపాటే పంపాలని మేము కోరుతాము. రోగి సంగతి తెలిసిన మనిషి పక్కన ఉండడం సగం వైద్యం.

మీరు చేయవలసినవి

1. వార్డు మారినా, ఇంటికి వెళ్ళినా డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష రిపోర్టు అడిగి తీసుకోండి.
2. ఏ మందు, ఎన్ని రోజులు, మళ్ళీ ఎప్పుడు, ఎక్కడికి రావాలో నర్సు చేత రాయించుకోండి.
3. మందు మింగించే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. దగ్గు తగ్గిందని మధ్యలో మానకండి.
4. కళ్ళెలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా, కళ్ళు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి రండి.
5. సందేహం ఉంటే మొహమాటపడకుండా అడగండి. ఒకటికి రెండుసార్లు చెప్పడం మా పనే.

వార్డు మూసేముందు అందులోని ప్రతి పనికీ ఒక మనిషిని చూడాలి. ఇంటికి వచ్చిన రోగి విషయంలో ఆ మనిషి మీరే కావచ్చు.