సామాను గది సర్దుబాటు – శ్రమకు తగిన ఫలమున్నదా?



మందు చల్లవలసిన ఉదయమున స్ప్రేయరు చేతికి వచ్చినను, దాని నాజిలు కానరాక వెదకిన అనుభవము మీలో చాలమందికి ఉండును. కూలీలు గట్టున కూర్చుందురు, ఎండ ఎక్కును, ఆ పూట పని పోవును. ఈ నష్టము ఏ జమాఖర్చులోను కనబడదు.

ఇట్టి నష్టమును తగ్గించు పద్ధతిని జపానులోని టయోటా మోటారు కంపెనీ పెంపొందించినది. తాయిచి ఓనో అను ఇంజనీరు దీనికి ముఖ్యుడు. వెదకుట, వేచియుండుట, ఊరక మోయుట, అక్కరకు మించి నిల్వచేయుట – ఇవన్నియు దండుగయే అని ఈ పద్ధతి చెప్పును. 2014లో ఆ కంపెనీ ఐచి, ఇషికావా రాష్ట్రములలోని వరి సేద్యపు సంస్థలకు కూడ పనుల నిర్వహణకు ఒక కంప్యూటరు సాధనమును సమకూర్చినది. కావున ఇది కర్మాగారములకే పరిమితము కాదు.

ఇందలి మెట్లు ఐదు:

1. ఏరివేత: విరిగిన పనిముట్లను, గడువు తీరిన మందులను వేరుచేయవలెను.
2. చోటు: పార, గునపము, కొడవలి – ప్రతిదానికి గోడపై ఒక మేకు, దానిక్రింద పేరు ఉండవలెను.
3. శుభ్రత: వాడిన పనిముట్టును కడిగి, తుడిచి పెట్టవలెను.
4. కట్టుబాటు: ఇంటిల్లిపాదికి, పనివారికి ఒకే పద్ధతి ఉండవలెను.
5. అలవాటు: పై నాలుగింటిని ఎవరును చెప్పకయే ప్రతిదినము చేయవలెను.

ఇక లెక్క చూతము. ముగ్గురు పనివారు రోజుకు తలకు 10 నిమిషములు వెదకుటలో పోగొట్టుకొందురనుకొనుడు. 120 పనిదినములలో అది 60 గంటలు. సర్దుటవలన అందు సగము, అనగా 30 గంటలు, మిగులుననుకొందము. సర్దుటకు ఇద్దరికి రెండు దినములు, అనగా 32 గంటలు పట్టును. తరువాత రోజుకు 5 నిమిషముల చొప్పున 10 గంటలు. మొదటి ఏట 12 గంటలు నష్టమే! రెండవ ఏటినుండి ఏటికి 20 గంటలు లాభము. మీ ఇంటి అంకెలతో మీరే ఈ లెక్క వేసి చూచుకొనుడు.

అయితే అసలు లాభము గంటలలో లేదు, ప్రమాదమును తప్పించుటలో కలదు. 2,4-డి కలుపు మందు కొట్టిన స్ప్రేయరును సరిగా కడుగక ప్రత్తికి వాడినచో, ఆకులు బెండ ఆకులవలె చీలి పైరు దెబ్బతినును. కలుపు మందుకు వేరే స్ప్రేయరు ఉంచి, దానికి ఎర్రరంగు పూయుడు. పురుగు మందులను వాటి సీసాలలోనే ఉంచి, తాళమువేసిన పెట్టెలో, తిండిగింజలకును పిల్లలకును దూరముగ పెట్టుడు. పానీయపు సీసాలో మందు పోయుట ప్రాణాంతకము. విత్తనపు వడ్లను తేమ 13 శాతమునకు మించకుండ ఆరబెట్టి, చెక్కబల్లలపై నిల్వచేయుడు. యూరియా తేమను పీల్చుకొనును గనుక బస్తాలను నేలపై వేయరాదు.

ఒక్క విషయములో మాత్రము కర్మాగారమును అనుకరింపరాదు. కావలసిన సరుకును కావలసిన గంటకే తెప్పించుకొనుట అక్కడి నీతి. పదును మనకొరకు ఆగదు. విత్తనము వానకు ముందే ఇంట ఉండవలెను. స్ప్రేయరు వాషరులు, నాజిలు ఒక జత అదనముగ ఉండవలెను. పురుగు మందులను మాత్రము ముందుగా కొని నిల్వచేయరాదు.

గ్రామాధికారులు తమ ఊరి యంత్రముల అద్దె కేంద్రములో ఈ పద్ధతిని ముందుగ అమలుజరిపి, ఇచ్చినది, తిరిగి వచ్చినది, మరమ్మతు కావలసినది పుస్తకములో వ్రాయించుట మేలు.

గదినంతటిని ఒకేసారి సర్దనక్కరలేదు. ముందు మందుల మూలను, తరువాత ఒక గోడను చక్కబెట్టుడు. రంగులు, పేర్లు వ్రాసి అలవాటును విడిచినచో పడిన శ్రమ వృథా. అలవాటు నిలిచినచో అది ఏటేట ఫలించును.