సొమ్మొకడిది, సోకొకడిది
(పెద్ద తరగతుల పిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ ఒక పాఠం)

ప్రతి ఏడూ ఈ సంచికలో నేను సంధులో, సామెతలో రాస్తుంటాను. ఈసారి కూడా పాఠానికి పేరు సామెతే. కాకపోతే ఈ పాఠం నేర్పింది మా అమ్మాయి, నేర్చుకున్నది నేను.

కిందటి వార్షికోత్సవంలో మన బడి పిల్లల చేత ‘కోయదొర’ నాటిక వేయించాం. రాసింది నేనే. తలకి ఈకలు, ముఖానికి మసి, నోటికొచ్చిన అర్థంలేని మాటలు. హాలంతా ఒకటే నవ్వులు. మా వాడికి బహుమతి కూడా వచ్చింది. కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చినప్పుడు గొప్పగా ఆ వీడియో పెట్టాను. తను నవ్వలేదు.

“నాన్నా, వాళ్ళు మాట్లాడేది ఏ భాష?”

“భాషేమిటే, ఊరికే నవ్వు కోసం కల్పించాను.”

“కోయవాళ్ళకి నిజంగా భాష లేదా?”

ఉంది. గోండి భాషకు దగ్గరిది, మన తెలుగు లాగే ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల్లో 4 లక్షల మందికి పైగా అది తమ మాతృభాష అని రాయించుకున్నారు. మాది ఖమ్మం జిల్లా. సంతల్లో ఆ భాష వింటూ పెరిగినవాణ్ణి. అయినా నాటిక రాసేటప్పుడు నాకది గుర్తే రాలేదు.

“మా కాలేజీలో అయితే దీన్ని కల్చరల్ అప్రోప్రియేషన్ అంటారు” అంది. “ప్రతిదానికీ ఇదొకటి నేర్చుకున్నారు మీరు” అని విసుక్కున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక, అసలు ఈ గొడవేమిటో చదవడం మొదలుపెట్టాను. చదివినది మీతో పంచుకుంటాను.

రెండు మాటలు

పొలిటికల్ కరెక్ట్‌నెస్ అంటే ఎదుటివారి జాతినీ, మతాన్నీ, రంగునీ కించపరిచే మాటలు వాడకుండా జాగ్రత్తపడటం. కొందరు ఈ మాటని మెచ్చుకోలుగా కాక ఎగతాళిగా వాడతారు. 1991 మే నెలలో అప్పటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ మిషిగన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో దీని గురించే మాట్లాడారు. పాత దురభిప్రాయాలు పోయి వాటి స్థానంలో కొత్తవి వస్తున్నాయని హెచ్చరించారు. అంతకు రెండేళ్ళ ముందు, 1989లో, అదే యూనివర్సిటీ పెట్టిన మాటల నిబంధనలు వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అంటే ఈ వాదన మన పిల్లలు పుట్టకముందు నుంచీ ఉన్నదే.

కల్చరల్ అప్రోప్రియేషన్ అంటే ఒకరి సంస్కృతిలోని వేషాన్నో, గుర్తునో, కళనో వేరేవాళ్ళు వాళ్ళని అడగకుండా, దాని విలువ తెలుసుకోకుండా తమ సోకు కోసం వాడుకోవడం. దీనికి తెలుగులో మాట ఏమిటా అని ఆలోచిస్తే మన సామెతే తట్టింది: సొమ్మొకడిది, సోకొకడిది.

కాలేజీల్లో జరిగిన నాలుగు కథలు

మొదటిది ఇల్లినాయ్ యూనివర్సిటీ. అక్కడ 1926 నుంచి ఆటల విరామంలో ఒక విద్యార్థి ‘చీఫ్ ఇల్లినివెక్’ అనే ఆదివాసి నాయకుడి వేషం వేసి నాట్యం చేసేవాడు. అభిమానులు అది గౌరవమే అన్నారు. కానీ ఆ దుస్తులు ఇల్లినాయ్ తెగలవి కావు, ఎక్కడో పడమటి మైదానాల్లోని లకోటా వారివి. ఆ నాట్యమూ ఇల్లినాయ్ తెగలది కాదు. ఏళ్ళ తరబడి ఆదివాసి విద్యార్థులు అభ్యంతరం చెబుతూ వచ్చారు. 2005లో కాలేజీ ఆటల సంఘం ఎన్.సి.ఎ.ఎ. ఆంక్షలు పెట్టింది. 2007 ఫిబ్రవరిలో ఆ వేషం ఆగిపోయింది.

రెండోది ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ. వాళ్ళ జట్టు పేరు సెమినోల్స్. 2005లో ఇదీ అదే చిక్కులో పడింది. కానీ ఫ్లోరిడా సెమినోల్ తెగవారు “మా అంగీకారంతోనే వాడుతున్నారు” అని తీర్మానం చేశారు. ఎన్.సి.ఎ.ఎ. మినహాయింపు ఇచ్చింది. ఆదివాసి పేరే, ఆటల జట్టే. తేడా ఎక్కడుంది? అడగడంలో. అయితే అడగడం కూడా అంత తేలిక కాదు. నార్త్ డకోటా యూనివర్సిటీ ‘ఫైటింగ్ సూ’ పేరుకి ఒక తెగ ఓటు వేసి సరేనంది, రెండో తెగ ఒప్పుకోలేదు. చివరికి 2012లో ఆ పేరు వదులుకున్నారు.

మూడోది యేల్ యూనివర్సిటీ. 2015 అక్టోబరులో హాలోవీన్‌కి ముందు, ఈకల కిరీటాలు, తలపాగాలు, ముఖానికి రంగులు వంటి వేషాల విషయంలో ఆలోచించుకోండని ఒక కమిటీ విద్యార్థులకి ఈమెయిలు పంపింది. ఎరికా క్రిస్టాకిస్ అనే అధ్యాపకురాలు దానికి జవాబుగా, విద్యార్థుల వేషాలు పెద్దవాళ్ళు నిర్ణయించాలా, నచ్చకపోతే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోలేరా అని రాశారు. పెద్ద గొడవైంది. కొందరు విద్యార్థులు ఆవిడనీ, ఆవిడ భర్తనీ హాస్టలు బాధ్యతల నుంచి తప్పుకోమన్నారు. ఆవిడ యేల్‌లో పాఠాలు చెప్పడం మానేశారు. 2016లో దంపతులిద్దరూ ఆ బాధ్యతలు వదిలేశారు. ఇది చదివినప్పుడు నాకు రెండు వైపులా న్యాయం కనిపించింది. నొప్పి కలిగిందని చెప్పే హక్కు విద్యార్థులకుంది. ప్రశ్న అడిగే హక్కు ఆ టీచరుకీ ఉంది. మాట్లాడుకోవాల్సిన చోట అరుచుకున్నారు.

నాలుగోది మనకి దగ్గరిది. కెనడాలోని ఒట్టావా యూనివర్సిటీలో 2008 నుంచి ఉచితంగా యోగా క్లాసు జరిగేది. యోగా వలసపాలనలో నలిగిన సంస్కృతి నుంచి వచ్చింది, దాన్ని మనం వాడుకోవడం ఏమిటి అనే అనుమానంతో 2015లో విద్యార్థి సంఘం ఆ క్లాసు ఆపేసింది. 2016 జనవరిలో మళ్ళీ మొదలైంది. విచిత్రం ఏమిటంటే, అంతకు ముందు సంవత్సరమే, అంటే 2014లో, భారతదేశం అడిగితేనే ఐక్యరాజ్య సమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. ఇంటివాళ్ళు రండి రండి అని పిలుస్తుంటే, పక్కింటివాళ్ళు వెళ్ళొద్దని ఆపినట్టు!

మరి ఇచ్చిపుచ్చుకోవడం తప్పా?

తప్పయితే మనకి ఆవకాయే లేదు. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారితో మన దేశానికి వచ్చింది. మన అల్మారా, బొత్తాం, మేస్త్రి కూడా పోర్చుగీసు మాటలే. ఎవరూ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదంటే ఏ సంస్కృతీ బతకదు.

అందుకే ఇక్కడి వాళ్ళు చీర కట్టుకుంటే మా తరానికి మహా సంతోషం. మనం మనవాళ్ళ మధ్య పెరిగాం. మన బొట్టు చూసి మన ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. పిల్లల సంగతి వేరు. మా అమ్మాయి ఆ రోజు ఇంకో మాట చెప్పింది.

“మూడో క్లాసులో నేను బొట్టు పెట్టుకుని వెళ్తే, నుదుటికి దెబ్బ తగిలిందా అని నవ్వారు నాన్నా. బాత్రూంలోకి వెళ్ళి కడిగేసుకున్నాను. మీకు చెప్పలేదు. హైస్కూల్లో అదే బొట్టు వాళ్ళు పెట్టుకుంటే ఫ్యాషన్ అన్నారు.”

అదీ సంగతి. కోపం బొట్టు పెట్టుకున్నందుకు కాదు. నవ్వులపాలవడం ఒకరి వంతు, మెప్పు ఇంకొకరి వంతు అయినందుకు. సరిగ్గా అదే పని నేను నా నాటికలో ఇంకొకరికి చేశాను.

మళ్ళీ నా కథ

ఇంజినీరింగు చదివే రోజుల్లో మా హాస్టల్లో ఒక కోయ కుర్రాడు ఉండేవాడు. మేమంతా “దొరా, దొరా” అంటూ, నా నాటికలో ఉన్నలాంటి మాటలతోనే ఏడిపించేవాళ్ళం. వాడూ మాతోపాటు నవ్వేవాడు. ఇన్నేళ్ళ తర్వాత నంబరు సంపాదించి ఫోను చేశాను. భద్రాచలం దగ్గర టీచరుగా పని చేస్తున్నాడు. నాటిక సంగతి దాచకుండా చెప్పి, క్షమించమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “అప్పట్లో నవ్వకపోతే ఇంకా ఏడిపించేవాళ్ళురా. అందుకే నవ్వేవాణ్ణి.”

“అయితే మీవాళ్ళ గురించి మా పిల్లల చేత ఏమీ వేయించకూడదా?” అని అడిగాను.

“ఎందుకు వేయించకూడదు? కాకపోతే అడిగి వేయించు.”

మేడారం సమ్మక్క సారలమ్మల కథ, వాళ్ళ నాయనమ్మ చెప్పినట్టుగా, ఫోనులోనే చెప్పి రికార్డు చేసి పంపాడు. కరువులో కప్పం కట్టలేమని కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన తల్లీకూతుళ్ళ కథ అది. ఈ ఏడు మన పిల్లలు వేసేది ఆ కథే. మసి లేదు, ఈకలు లేవు, ఉత్తుత్తి భాష లేదు. మొదట్లోనే కథ ఎవరిదో, ఎవరు చెప్పారో ప్రకటిస్తాం. నవ్వులు తక్కువ పడతాయేమో, పడనివ్వండి.

గుర్తుంచుకోవలసిన మూడు ప్రశ్నలు

ఇంకొకరి వేషమో, గుర్తో, కళో తీసుకునే ముందు:
1. ఆ సొమ్ము ఎవరిదో నాకు తెలుసా? నలుగురికీ చెబుతున్నానా?
2. వాళ్ళని అడిగానా? వాళ్ళు ఎదురుగా కూర్చుని చూస్తుంటే కూడా ఇలాగే చేస్తానా?
3. దీనికోసం వాళ్ళు నవ్వులపాలైతే, నాకు మాత్రం చప్పట్లు పడుతున్నాయా?

ఎవరైనా మనల్ని నొప్పిస్తే కూడా మొదట చేయవలసింది అడగడమే. తెలియక చేసినవాణ్ణి తరిమేస్తే వాడు నేర్చుకోడు. మా అమ్మాయి నన్ను తరమలేదు, ప్రశ్న అడిగింది.

కొత్త మాటలు

సోకు: అలంకారం, డాబు. కించపరచు: తక్కువ చేసి మాట్లాడు. అభ్యంతరం: ఇది సరికాదని చెప్పడం. మినహాయింపు: నియమం నుంచి విడుదల. కప్పం: రాజుకి కట్టే పన్ను.

అభ్యాసం

1. ఇల్లినాయ్, ఫ్లోరిడా స్టేట్ కథల్లో తేడా ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.
2. ఒట్టావాలో యోగా క్లాసు ఆపడం సరైన పనేనా? ఒకరు అవునని, ఒకరు కాదని వాదించండి. తర్వాత వైపులు మార్చుకుని వాదించండి.
3. తల్లిదండ్రులకి: బడిలో ఎవరైనా మన తిండినీ, పేరునీ, బొట్టునీ చూసి నవ్వారా అని ఈ వారం మీ పిల్లల్ని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.

జవాబులు తెలుగులోనే రాసి వచ్చే ఆదివారం తీసుకురండి. గుణింతం తప్పులున్నా ఫరవాలేదు, కలిసి దిద్దుకుందాం.