పరిశోధనలో కృత్రిమ మేధ

శాస్త్రపరిశోధన ఏ ఒక్కరి కృషితోనూ పూర్తయ్యేది కాదు. ఒక తరం కూడబెట్టిన జ్ఞానం తరువాతి తరానికి మూలధనమవుతుంది. నేడు ఈ సమష్టి కృషిలో కృత్రిమ మేధకు కూడ స్థానం లభించింది. దాని సామర్థ్యాన్నీ, పరిమితినీ తెలుసుకొనడానికి ప్రోటీన్ల కథ చక్కని ఉదాహరణ.

జీవకణంలోని పనులలో అధికభాగాన్ని నిర్వహించేవి ప్రోటీన్లు. అమైనో ఆమ్లాలు దండలోని పూసలవలె వరుసగా చేరి, ఆ దండ నిర్దిష్టరీతిలో ముడుచుకొన్నప్పుడు ప్రోటీనుకు ఆకారం ఏర్పడుతుంది. ఆకారాన్ని బట్టియే దాని పని ఉంటుంది. ప్రయోగాల ద్వారా ఒక్క ఆకారాన్ని నిర్ణయించడానికి ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పట్టేది. పూసల వరుసను చూచి ఆకారాన్ని ఊహించగలమా అన్న ప్రశ్న అర్ధశతాబ్ది కాలం శాస్త్రజ్ఞులను వేధించింది.

ఈ దండ ఏ కోణాలలో మలుపు తిరగగలదో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎన్. రామచంద్రన్ బృందం పటరూపంలో నిరూపించింది. ప్రయోగాలలో తేలిన ఆకారాలను భద్రపరచడానికి 1971లో ప్రోటీన్ డేటా బ్యాంక్ ఏర్పడింది. ఆ నిధిలోని ఆకారాలను అభ్యసించిన ‘ఆల్ఫాఫోల్డ్’ అనే కృత్రిమ మేధ, 2020లో జరిగిన అంతర్జాతీయ పరీక్షలో అనేక ప్రోటీన్ల ఆకారాలను ప్రయోగఫలితాలకు దీటుగా ఊహించింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ఊహాచిత్రాలు అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. దీనిని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లు 2024లో డేవిడ్ బేకర్‌తో కలసి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

అయితే ఊహ వేరు, నిరూపణ వేరు. తన ఊహను ఎంతవరకు విశ్వసింపవచ్చునో ఆల్ఫాఫోల్డ్ అంకెలలో తెలుపుతుంది. స్థిరమైన ఆకారం లేని భాగాల విషయంలో ఆ అంకె తగ్గుతుంది. కణకేంద్రకానికి ద్వారంవంటి రంధ్రనిర్మాణంలో సుమారు 30 రకాల ప్రోటీన్లున్నాయి. సూక్ష్మదర్శిని ఆ ద్వారపు స్థూలరూపాన్ని చూపగా, అందులోని భాగాల ఆకారాలను యంత్రం ఊహించింది. జర్మనీ శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ సరిచూచి, జతపరచి, 2022లో దాని సమగ్రనమూనాను వెలువరించారు.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. యంత్రానికి పాఠాలైనవి వేలాది శాస్త్రజ్ఞుల ప్రయోగఫలాలే. యంత్రం చెప్పినదానికి గీటురాయి కూడ ప్రయోగమే. ఏ ప్రశ్న అడగవలెనో నిశ్చయించే వివేకం, వచ్చిన సమాధానానికి పూచీపడే బాధ్యత మానవునివే. ఆ బాధ్యతను విస్మరించనంత కాలం కృత్రిమ మేధ పరిశోధకునికి మంచి సహాయకారి కాగలదు.