పెద్దవారిని పరీక్షించవద్దు, వారితో కలిసి పాడండి



ఇంట్లో పెద్దవారికి మతిమరుపు వచ్చినప్పుడు "అమ్మా, నేనెవరో చెప్పు", "పొద్దున ఏం తిన్నావు?" అని పదే పదే అడుగుతాం. ప్రేమతోనే అడుగుతాం. కాని జవాబు గుర్తురాక ఆమె సిగ్గుపడుతుంది, ఒక్కోసారి విసుక్కుంటుంది. కొన్నాళ్లకు మాట్లాడడమే మానేస్తుంది. ఇంట్లోవారు కూడా "ఆమెకేమీ తెలియదులే" అని అన్నం పెట్టి, మందులు ఇచ్చి తప్పుకుంటారు. ఈ ఒంటరితనం జబ్బు బాధను ఇంకా పెంచుతుంది.

దీనికి ఒక మంచి మార్గం ఉంది. 1996లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఆన్ బాస్టింగ్ అనే ఆమె ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో మతిమరుపు ఉన్నవారితో పనిచేసేది. పాత సంగతులు అడిగితే ఎవరూ పలకలేదు. ఒకరోజు పత్రికలోని సిగరెట్ ప్రకటన చింపి, అందులోని మనిషి బొమ్మ చూపించి, "ఇతనికి ఏం పేరు పెడదాం?" అని అడిగింది. "ఫ్రెడ్" అన్నారొకరు. అక్కడ నుండి కథ అల్లుకుంటూ, నవ్వుకుంటూ, పాడుకుంటూ ముప్పావు గంట గడిపారు. ఈ పద్ధతే తరువాత టైమ్‌స్లిప్స్ అనే పేరుతో అనేక చోట్లకు వ్యాపించింది. ఇందులోని కిటుకు ఒక్కటే: ఆ ప్రశ్నకు తప్పు జవాబు లేదు.

పాట గురించి కూడా పరిశోధన జరిగింది. డాక్టర్ జీన్ కోహెన్ 2001లో వాషింగ్టన్‌లో 65 ఏళ్లు దాటిన 166 మందిని పరిశీలనలో చేర్చుకున్నారు. వారిలో కొందరు వారం వారం బృందగానం నేర్చుకున్నారు. ఏడాది తరువాత చూస్తే, మిగిలినవారికంటే పాడినవారు డాక్టరు దగ్గరకు తక్కువసార్లు వెళ్లారు, తక్కువగా పడిపోయారు, వారి ఒంటరితనం కూడా తగ్గింది. పాట జబ్బును నయం చేస్తుందని దీని అర్థం కాదు. మందులు మానకూడదు. మనిషికి ఉత్సాహం, తోడు దొరికితే శరీరానికీ మేలు కలుగుతుంది.

ఇంట్లో ఇలా చేయండి:

1. ముందు కళ్లజోడు, చెవి మిషన్ పెట్టండి. టీవీ ఆపండి. ఎదురుగా కూర్చోండి.

2. వారు చిన్ననాటినుండి పాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనను నెమ్మదిగా అందుకోండి. నిన్నటి సంగతి మరచినవారిలో చాలామందికి పాత పాట నోటికి వస్తుంది. తప్పు పాడినా సరిదిద్దవద్దు.

3. క్యాలెండరు బొమ్మ ఏదైనా చూపించి, "ఈ పిల్ల ఎక్కడికి పోతోంది నాయనమ్మా?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, చివరలో చదివి వినిపించండి.

4. చేతులకు పని ఇవ్వండి: పూలు గుచ్చడం, పలకమీద ముగ్గు వేయడం, క్రిస్మస్ నక్షత్రానికి రంగు కాగితాలు అంటించడం. సూది, కత్తెర మీ దగ్గరే ఉంచుకోండి. చిన్న పూసలు నోట్లో పెట్టుకోవచ్చు, జాగ్రత్త.

5. 15 నిమిషాలు చాలు. అలసిపోతే, వద్దంటే ఆపండి.

ఒక హెచ్చరిక: నిన్నటిదాకా బాగున్నవారు ఒకటి రెండు రోజుల్లోనే తికమకపడి మాట్లాడుతుంటే వయస్సు అనుకొని ఊరుకోవద్దు. ఇన్‌ఫెక్షన్, షుగర్ పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, పక్షవాతం కారణం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

సంఘ యౌవనస్థులకు ఒక మనవి. ఆదివారం ఆరాధన తరువాత, గుడికి రాలేని ఒక పెద్దవారి ఇంటికి ఇద్దరిద్దరుగా వెళ్లి రెండు కీర్తనలు పాడి రండి. బలము తగ్గిన కాలంలో తనను విడువవద్దని 71వ కీర్తనలో భక్తుడు దేవుని వేడుకున్నాడు. మన ఇళ్లలోని పెద్దలు అదే మాట నోరు తెరచి మనతో చెప్పలేకపోవచ్చు.

ప్రభువు మీ ఇంటి పెద్దలను దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్