అచ్చయిన తర్వాత: బస్తర్ పుస్తకాలు, వెరియర్ ఎల్విన్ అనుభవం

పరిశోధకుడు ఏళ్ల తరబడి తిరిగి, రాసి, దిద్ది ఒక పుస్తకం తెస్తాడు. అది అచ్చయిన రోజుతో పని ముగిసిందనుకుంటాడు. ఆ రోజు నుంచే ఇంకో పని మొదలవుతుంది. పత్రికలకు వ్యాసాలు రాయాలి, సభల్లో మాట్లాడాలి, ముందు అట్ట మీద ఏ బొమ్మ వేయాలో, వెనక అట్ట మీద ఏ నాలుగు మాటలు ఉండాలో తేల్చాలి. ఏడు వందల పేజీల విషయాన్ని ఏడు వాక్యాల్లో చెప్పమని అడుగుతారు. అలా కుదించినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది రాలిపోతుంది? సైన్సును జనంలోకి తీసుకెళ్లే ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. మన పొరుగున ఉన్న బస్తర్ మీద సుమారు 80 ఏళ్ల కిందట వచ్చిన కొన్ని పుస్తకాల సంగతి తెలిస్తే ఈ ప్రశ్న ఎంత బరువైనదో అర్థమవుతుంది.

బస్తర్ తెలుగువారికి దూరదేశం కాదు. భద్రాచలం నుంచి వెళ్తే శబరి ఒడ్డున కుంట వస్తుంది. అక్కడి నుంచి సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరవచ్చు. బస్తర్ మధ్యగా పారే ఇంద్రావతి వచ్చి కలిసేది మన గోదావరిలోనే. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడే తమ మూలపురుషుడని బస్తర్ రాజుల వంశచరిత్ర చెబుతుంది. 1947 వరకు అది ఒక సంస్థానం. తర్వాత మధ్యప్రదేశ్‌లో భాగమై, 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. నారాయణపూర్, కొండగావ్ వైపు మురియాలు, దక్షిణాన మాడియాలు, కుంట వైపు దోర్లాలు ఉంటారు. మాడియాలనే ఇంగ్లీషు పుస్తకాల్లో మారియా అని రాశారు.

ఒక్క మాట, ఇరవై ఏళ్ల సంజాయిషీ

వెరియర్ ఎల్విన్ 1902లో ఇంగ్లండులో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది సాహిత్యం, మతశాస్త్రం. మానవశాస్త్రంలో ఆయనకు తరగతి గది శిక్షణ లేదు. 1927లో మతప్రచార సంస్థ సభ్యుడిగా పుణె వచ్చి, గాంధీజీ ప్రభావంలో పడి, ఆ తర్వాత మిత్రుడు శ్యామ్‌రావ్ హివాళేతో కలిసి మండ్లా జిల్లా గోండు పల్లెల్లో స్థిరపడ్డాడు. ఆయన రాసింది పండితుల భాష కాదు, చదివించే భాష. అదే ఆయన బలం. చిక్కులు కూడా అక్కడి నుంచే వచ్చాయి.

బస్తర్‌లో అధ్యయనం మొదలుపెట్టకముందే ఆయనకు తొలి దెబ్బ తగిలింది. 1939లో లండన్‌లో అచ్చయిన 'ది బైగా' అనే పుస్తకంలో, బైగాల అడవినీ పోడు వ్యవసాయాన్నీ వడ్డీ వ్యాపారుల నుంచి, అటవీ శాఖ ఆంక్షల నుంచి కాపాడటానికి ఒక విధమైన 'నేషనల్ పార్క్' ఉండాలని సూచించాడు. ఆ ప్రతిపాదన వెనక భూమి ఎలా పోయింది, అప్పు ఎలా పెరిగింది అన్న వివరమైన చర్చ ఉంది. బయటికి వెళ్లింది మాత్రం 'పార్క్' అన్న మాట ఒక్కటే. ఆదివాసులను జంతుప్రదర్శనశాలలో పెట్టినట్టు ఉంచమంటున్నాడని విమర్శలు వచ్చాయి. ఠక్కర్ బాపా 1941లో పుణెలో చేసిన ప్రసంగంలో ఈ ఏకాంతవాదాన్ని తప్పుపట్టారు. సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే 1943లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆ విమర్శల్లో న్యాయమైన భాగం ఉంది. ఎల్విన్ కూడా తన అభిప్రాయాన్ని క్రమంగా మార్చుకున్నాడు. అయినా 1957లో ఈశాన్య సరిహద్దు ప్రాంతం గురించి 'ఎ ఫిలాసఫీ ఫర్ నేఫా' రాసేటప్పటికి కూడా, ఆదివాసులను మ్యూజియం బొమ్మలుగా ఉంచాలన్నది తన ఉద్దేశం కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక ఉపమానం రచయితను దాదాపు ఇరవై ఏళ్లు వెంటాడింది. క్లిష్టమైన విషయానికి తేలిక పోలిక వెతికే సైన్సు రచయితలందరం దీన్ని గుర్తుంచుకోవాలి. పోలిక దేనికి వర్తిస్తుందో చెబితే చాలదు, దేనికి వర్తించదో కూడా అక్కడే చెప్పాలి.

వంద కేసులు చెప్పేది, చెప్పనిది

1940ల మొదట్లో ఎల్విన్ బస్తర్‌లో పనిచేశాడు. అక్కడి పని నుంచి ముందుగా వచ్చింది 1941 నాటి చిన్న పుస్తకం 'లాస్ ఆఫ్ నర్వ్'. సంస్థానంలో ఉన్న బస్తర్ ఆదివాసులనూ, బ్రిటిష్ పాలనలోని సెంట్రల్ ప్రావిన్సుల ఆదివాసులనూ పోల్చి, బయటి ఒత్తిడి ఎక్కువైన చోట మనుషులు ఎలా గుండె చెదిరిపోతారో చెప్పే ప్రయత్నం అది. దాని గురించి ఈనాడు పెద్దగా ఎవరూ మాట్లాడరు. రెండేళ్ల తర్వాత, 1943లో, వచ్చిన పుస్తకం పేరు మాత్రం ఒకసారి వింటే మరచిపోలేం: 'మారియా మర్డర్ అండ్ సూసైడ్'. మారియాల హత్యలు, ఆత్మహత్యలు!

కోర్టు రికార్డుల్లోని 100 హత్య కేసులను తీసుకుని, ఒక్కొక్కదాని వెనక ఏం జరిగిందో ఎల్విన్ పరిశీలించాడు. మద్యం, అనుమానం, ఆస్తి తగాదా, చేతబడి భయం, అలసటలో వచ్చిన కోపం ఇలా కారణాలను విడదీశాడు. ఎక్కడో లండన్ చట్టం చదువుకున్న జడ్జి ముందు నిలబడిన మాడియా మనిషి ఎందుకలా చేశాడో, జైలు అతనికి ఎలా ఉంటుందో అధికారులకు అర్థం కావాలన్నది ఉద్దేశం. దయతో రాసిన పుస్తకమే. కానీ పేరు విన్నవారికి ఏం తోస్తుంది? మాడియాలంటే హంతకులని.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. 'హత్యలు ఎక్కువ' అనాలంటే రేటు కావాలి. రేటుకు లవం ఉంటుంది, హారం ఉంటుంది. లవం హత్యల సంఖ్య. హారం జనాభా, ఎన్నేళ్ల లెక్క అన్నవి. ఉదాహరణకు 20 ఏళ్లలో 100 హత్యలు జరిగాయనుకుందాం. అంటే ఏడాదికి 5. జనాభా లక్ష అయితే ఏడాదికి లక్షకు 5. జనాభా రెండు లక్షలు అయితే లక్షకు 2.5. వంద అన్న అంకె మారలేదు, అర్థం సగమైంది. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. రికార్డుల నుంచి వంద కేసులను ఎంచుకుని అధ్యయనం చేస్తే, వాటిలో ఎన్నింటికి మద్యం కారణమో, ఎన్నింటికి అసూయ కారణమో చెప్పవచ్చు. కానీ ఎంచుకున్న ఆ వంద నుంచే 'ఈ జాతిలో ఇన్ని హత్యలు జరుగుతాయి' అని చెప్పలేం. దానికి జరిగిన హత్యలన్నింటి లెక్కా కావాలి. కోర్టు దాకా రానివి ఎన్నో రికార్డుకు తెలియదు. పైగా అదే బస్తర్‌లో, ఇరుగుపొరుగునే ఉండే మురియాల్లో హత్యలు చాలా తక్కువని ఎల్విన్ స్వయంగా చూపాడు. అంటే 'ఆదివాసుల స్వభావం' అనే వివరణ ఆయన పుస్తకంలోనే నిలబడదు. ప్రచారంలో ముందుగా రాలిపోయేవి ఇవే: హారం, ఎంపిక పద్ధతి, పొరుగువారితో పోలిక. పేరు, వంద అన్న అంకె మాత్రం మిగులుతాయి.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. దక్షిణ బస్తర్ మాడియాలను ఇంగ్లీషు గ్రంథాల్లో 'బైసన్ హార్న్ మారియా' అంటారు, అంటే అడవిదున్న కొమ్ముల మారియాలు. 1927 నుంచి 1931 వరకు బస్తర్ పరిపాలకుడిగా ఉన్న డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో తెచ్చిన 'ది మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్' ద్వారా ఈ పేరు స్థిరపడింది. ఆ కొమ్ముల కిరీటం పెళ్లిలో, పండుగలో నాట్యం చేసేటప్పుడు పెట్టుకునేది. ఏడాదిలో కొద్ది రోజులు తలపై ఉండే ఆభరణం ఆ మనుషులకు శాశ్వతమైన పేరైంది. ఫొటోకు బాగుంటుంది కదా మరి.

ఘోటుల్: ఏడు వందల పేజీల్లో ఒక అధ్యాయం

1947లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 'ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్' ప్రచురించింది. ఏడు వందలకు పైగా పేజీలు. ఘోటుల్ అంటే మురియా గ్రామంలో పెళ్లికాని యువతీయువకులు సాయంత్రాలు కలిసే సామూహిక గృహం. లింగో దేవుడు దాన్ని నెలకొల్పాడని మురియాల నమ్మకం. యువకులను చెలిక్ అని, యువతులను మోటియారీ అని పిలుస్తారు. వాళ్లలోనే పెద్దరికాలు, బాధ్యతలు, తప్పు చేస్తే జరిమానాలు ఉంటాయి. ఊడ్చడం, కట్టెలు తేవడం, ఊరిలో పెళ్లి జరిగితే పని పంచుకోవడం, పాటలు, నాట్యం, దువ్వెనలు చెక్కడం, కథలు చెప్పుకోవడం అన్నీ అక్కడే నేర్చుకుంటారు. బడి లేని చోట అది బడి. ఎల్విన్ ఊరూరా తిరిగి పాటలు, కథలు, ఆటలు, పెళ్లిళ్ల వివరాలు సేకరించాడు. ఒక సమాజం తన పిల్లలను ఎలా పెంచుతుందన్నది ఆయన అసలు ప్రశ్న.

పాఠకులు ఎక్కువగా పట్టుకున్నది స్త్రీపురుష సంబంధాల గురించిన భాగాన్ని. పుస్తకం విదేశాల్లో పేరు తెచ్చుకుంది. 1959లో ఫ్రెంచి అనువాదం వచ్చింది. ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1968లో, సంక్షిప్త రూపం 'ది కింగ్‌డమ్ ఆఫ్ ది యంగ్' పేరుతో వెలువడింది. ఏడు వందల పేజీలను కుదించినప్పుడు పాటల వరసలు, దువ్వెనల నమూనాలు పోతాయి, ఆకట్టుకునేది ఉంటుంది. అందులో ఆశ్చర్యం లేదు. మురియాలకు మాత్రం దీని ఫలితం వేరు. ఘోటుల్ అన్న మాట బయటివాళ్ల నోట వెకిలి నవ్వుకు కారణమైంది. కెమెరాలు పట్టుకుని చూడవచ్చేవారు తయారయ్యారు. తర్వాతి దశాబ్దాల్లో చాలా ఊళ్లలో ఘోటుల్ వెనకబడింది. దానికి కారణం ఒక్కటే కాదు. బడులు వచ్చాయి, సంస్కరణ ఉద్యమాలు వచ్చాయి, అశాంతి వచ్చింది. కానీ చదువుకున్న మురియా యువకుడు తన ఘోటుల్ గురించి పట్నంలో చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సి రావడంలో ఆ ప్రచారానికి వాటా లేదనలేం.

ఎల్విన్ ఇందులో కేవలం బాధితుడా? నాకు అలా అనిపించదు. ఆయన పత్రికలకు విరివిగా రాసేవాడు, ఫొటోలు ఇచ్చేవాడు, మెరిసే వాక్యం దొరికితే వదిలేవాడు కాదు. పరిశోధన సాగాలంటే డబ్బు కావాలి, డబ్బు రావాలంటే పేరు కావాలి. ఈ ఒత్తిడి ఈనాటి రచయితకూ తెలిసిందే. పైగా ఆ పుస్తకం చదివి, ఇది తప్పు, ఇది మా ఊరి గుట్టు, ఇది రాయవద్దు అని చెప్పగలిగినవారు ఆనాటి మురియాల్లో దాదాపు లేరు. రాసిన భాష వారిది కాదు. ఈ లోటు ఇంకా పూర్తిగా తీరలేదు. 2011 జనాభా లెక్కల్లో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత సుమారు 41 శాతం.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు పరిశోధనలో పాల్గొన్న సమూహంతో సంప్రదింపులు జరపాలనీ, ఫలితాలను వారికి చేరవేయాలనీ, ఆ సమూహానికి మచ్చ రాకుండా చూడాలనీ చెబుతున్నాయి. అవి ఆరోగ్య పరిశోధనకు సంబంధించినవి. పుస్తకం వెనక అట్టకు అలాంటి నియమం ఏదీ లేదు. పుస్తకం అమ్మే వారం రోజుల్లో రచయిత మీడియాతో ఏం మాట్లాడతాడన్నది అతని విచక్షణకే వదిలేశారు.

గోండులకు తిరిగి చేరిన పుస్తకం

గ్రిగ్సన్ 1940ల్లో హైదరాబాద్ సంస్థానానికి రెవెన్యూ మంత్రిగా వచ్చాడు. అదే కాలంలో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండుల మధ్య ఉండి అధ్యయనం చేస్తున్నాడు. ఆయన గ్రంథం 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వచ్చింది. దానికి ముందే, 1943లో, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. అంటే గోండుల గురించి ఇంగ్లీషు పుస్తకం కంటే గోండుల కోసం గోండీ పుస్తకం ముందు అచ్చయింది. ఆ దంపతులను మార్లవాయి ఇప్పటికీ ఏటా జనవరిలో తలచుకుంటుంది.

చదవలేని చోట వినిపించవచ్చు. 2010లో శుభ్రాంశు చౌదరి ఆధ్వర్యంలో మొదలైన సీజీనెట్ స్వర ఆ పనే చేసింది. ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలోని మనిషి మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు కాల్ చేసి తన మాట రికార్డు చేయవచ్చు, ఇతరుల మాట వినవచ్చు. గోండీలో మాట్లాడవచ్చు. 2011 లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షల మంది. వాళ్లు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ రాష్ట్రాల్లో పరచుకుని ఉన్నారు. బస్తర్ మీద పుస్తకం రాసినవాళ్లు దాని సారాన్ని పది నిమిషాల గోండీ మాటల్లోకి తెచ్చి వినిపిస్తే, 'వంద హత్యలు' అన్న వాక్యం దగ్గర అవతలి నుంచి ప్రశ్న వస్తుంది. ఎంతమందిలో, ఎన్నేళ్లలో అని.

రాసేవారు, రాయబడేవారు అన్న తేడా కూడా మెల్లగా చెరుగుతోంది. 2006లో ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండుల సొంత లిపిలో రాసిన వ్రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇప్పుడా అక్షరాలను కంప్యూటర్లో టైపు చేయవచ్చు.