ఇంటికొచ్చిన పిల్లికూన – మన చేతిలోని అమానతు



వానాకాలం సాయంత్రం. ఫిలింనగర్ గుట్ట దిగివచ్చే దారిలో, ఆగి ఉన్న కారు కింద తడిసి వణుకుతున్న పిల్లికూన ఒకటి పిల్లల కంటబడింది అనుకుందాం. చొక్కాలో దాచి ఇంటికి తెస్తారు. "అమ్మీ, పెంచుకుందామా?" అని బతిమాలుతారు. తల్లి తండ్రి వైపు చూస్తుంది. "సరేలే, ఓ మూలన పడి ఉంటుంది" అంటాడు తండ్రి.

మన పాఠం ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. ప్రాణి మూలన పడి ఉండే వస్తువు కాదు. భూమ్మీద నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ 'అల్ అన్ఆమ్' సూరా 38వ ఆయతు మనకు బోధిస్తోంది. ఆ సముదాయాల్లోని ఒక పసికూనను గడప దాటించి లోపలికి తెచ్చామంటే, అల్లాహ్ సృష్టిలోని ఒక ప్రాణిని అమానతుగా స్వీకరించామన్నమాట.

ఆ స్త్రీ చేసిన పాపం ఏమిటి?

ఒక స్త్రీ పిల్లి కారణంగా నరకశిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మనలో చాలామంది దీన్ని చిన్ననాటి నుంచి వింటూనే ఉన్నాం. కానీ ఆమె చేసిన పాపం ఏమిటో నిదానంగా ఆలోచించామా? ఆమె పిల్లిని కొట్టినట్టు గానీ, విషం పెట్టినట్టు గానీ అందులో లేదు. ఆమె దాన్ని కట్టి పడేసింది. తాను తిండి పెట్టలేదు. నేలమీది పురుగూ పుట్రా ఏరుకుని తినడానికి వదిలిపెట్టనూ లేదు. అది చచ్చిపోయింది.

అంటే ఆమె ముందు రెండు దారులున్నాయి: పోషించడం, లేదా వదిలేయడం. రెండూ మూసేయడమే ఆమె నేరం.

ఇప్పుడు మన ఇళ్లను చూసుకుందాం. జూబ్లీహిల్స్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. నేల పాలరాయి, కిటికీలకు అద్దాలు, తలుపుకు తాళం. అక్కడ పిల్లి ఏరుకుని తినడానికి ఏముంది? పెరట్లో తిరిగే పల్లెటూరి పిల్లికి రెండో దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఫ్లాటులోని పిల్లికి ఆ దారి మనమే మూసేశాం. కనుక మొదటి దారి, అంటే పోషణ, పూర్తిగా మన మెడకు చుట్టుకున్న బాధ్యత. "మరిచిపోయాను", "తీరిక లేదు" అనే సాకులు ఇక్కడ పనికిరావు.

పిల్లి పట్ల మన పెద్దల తీరు

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం కోడలు హజ్రత్ కబ్షా (రజి) నీళ్లు పోసి పెట్టింది. పిల్లి ఒకటి వచ్చింది. ఆయన గిన్నెను వంచి, అది తాగేదాకా అలాగే పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదని, అది మన చుట్టూ తిరిగే ఇంటి ప్రాణుల్లో ఒకటని దైవప్రవక్త (సఅసం) చెప్పారని వివరించారు. అబూ దావూద్, తిర్మిజీల్లో ఈ ఉల్లేఖనం ఉంది. వేలాది హదీసులను మనకు అందించిన సహాబీకి 'అబూ హురైరా' అనే పేరు ఆయన చిన్నప్పుడు ఆడుకున్న పిల్లికూన వల్లే వచ్చింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. దైవప్రవక్త (సఅసం)కు 'ముఅజ్జా' అనే పిల్లి ఉండేదని, అది నిద్రపోతుంటే లేపలేక చొక్కా చేయి కత్తిరించారని ఒక కథ చెప్పుకుంటారు. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో దానికి ఆధారం లేదు. పిల్లలకు దాన్ని హదీసుగా చెప్పకూడదు. పైన చెప్పిన నిజమైన ఉల్లేఖనాలే మనకు చాలు. రెండోది, పిల్లి అడ్డొస్తే పని చెడుతుందని, నల్లపిల్లి అరిష్టమని మన చుట్టుపక్కల అనుకుంటారు. శకునాలను ఇస్లాం తోసిపుచ్చింది. నల్లకూన అయినంత మాత్రాన దాన్ని గడప బయటకు నెట్టడం విశ్వాసికి తగని పని.

తెచ్చే ముందు ఆగి చూడాలి

కూన ఒంటరిగా కనిపించినంత మాత్రాన అనాథ కాదు. తల్లి ఆహారం కోసం వెళ్లి ఉండవచ్చు. ప్రమాదం లేని చోటైతే కొంతసేపు దూరం నుంచి గమనించాలి. ఒక ప్రయాణంలో కొందరు పిట్ట పిల్లలను పట్టుకొస్తే, తల్లిపిట్ట ఆరాటం చూసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. కనీసం 8 వారాలు నిండేదాకా కూన తల్లి దగ్గర ఉండటమే దానికి మేలు.

ఫోన్‌లో సినీతారల ఒడిలో బొచ్చుపిల్లిని చూసి, అలాంటిదే కావాలని పిల్లలు మారాం చేయడం ఈ రోజుల్లో మామూలైంది. పిల్లి వెలను దైవప్రవక్త (సఅసం) వారించారని హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ముస్లిం గ్రంథంలో ఉంది. ఎక్కువమంది ఫుఖహాలు దీన్ని అయిష్టతగా అర్థం చేసుకుని క్రయవిక్రయాలను అనుమతించారు. కొందరు నిషేధమనే అన్నారు. అయితే ఆశ్రయం లేని కూనను ఉచితంగా తెచ్చుకుంటే ఈ విభేదం మన ఇంటికి రాదు, ఒక ప్రాణం కూడా నిలుస్తుంది. నటి అమల అక్కినేని చొరవతో 1992లో ఏర్పడిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉన్నది జూబ్లీహిల్స్‌లోనే. దిక్కులేని జంతువులకు చికిత్స చేయించి, పెంచుకునేవారికి అప్పగించే సంస్థ అది. సినిమావారి పేటలో అనుకరించవలసింది ఏదైనా ఉందంటే, ఖరీదైన జాతిపిల్లి కన్నా ముందు ఈ సేవాగుణం.

మొదటి వారం

కొత్త ఇల్లు కూనకు పెద్ద అడవిలాంటిది. మొదటి రోజుల్లో ఒక చిన్న గదిలోనే ఉంచాలి. మెత్తటి పాతగుడ్డ, దాక్కోవడానికి అట్టపెట్టె, నీళ్ల గిన్నె, ఇసుక తొట్టి పెట్టాలి. తొట్టి తిండి గిన్నెకు దూరంగా ఉండాలి. పిల్లి సహజంగానే శుభ్రత కోరే ప్రాణి. భోంచేసిన తర్వాత తొట్టిలో కూర్చోబెడితే త్వరలోనే నేర్చుకుంటుంది. కొట్టడం, మూతిని మలంలో రాయడం క్రూరత్వం. పైగా దాని వల్ల భయం తప్ప ఏమీ నేర్చుకోదు. బంధువులు, ఇరుగుపొరుగు పిల్లలు అందరూ చేతులు మార్చుకుంటూ ఎత్తుకోవడం కూడా మంచిది కాదు.

ఏం పెట్టాలి?

కూన అనగానే గిన్నెలో ఆవుపాలు పోయడం మన అలవాటు. చాలా కూనలకు ఆవుపాలు, గేదెపాలు అరగవు, విరేచనాలవుతాయి. పసికూనకు విరేచనాలు ప్రాణాంతకం. పాలు తాగే వయసైతే మందుల దుకాణాల్లో దొరికే పిల్లికూనల పాలపొడి వాడాలి. మనిషి బిడ్డలాగా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి పట్టాలి. చలికి వణికే కూనకు ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు.

8 వారాలు దాటిన కూనకు రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. పిల్లి మాంసాహారి. దాని గుండెకు, కళ్లకు అవసరమైన టారిన్ అనే పోషకం మాంసంలోనే ఉంటుంది. కేవలం పెరుగన్నంతో పెంచితే కాలక్రమంలో చూపు, గుండె దెబ్బతింటాయి. కూనల కోసం తయారైన ఆహారం ఉత్తమం. ఉప్పుకారం లేకుండా ఉడికించి ఎముక తీసిన కోడిమాంసం దానికి తోడుగా పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ దానికి విషం. మసాలా కూర, బిర్యానీ ముక్క ప్రేమతో పెట్టినా హాని చేస్తాయి. బక్రీద్ రోజున పచ్చిమాంసం, కొవ్వు, ఉడికిన ఎముకలు ముందు పడేయకూడదు.

రమజాన్‌లో మరొక జాగ్రత్త. పగలు మన వంటగది మూతపడుతుంది గానీ ఉపవాసం మనకే, కూనకు కాదు. మధ్యాహ్నం దాని గిన్నె ఎవరు నింపాలో ముందే ఒకరికి అప్పగించాలి.

వైద్యం – టీకాలు

ఇంటికి తెచ్చిన ఒకటి రెండు రోజుల్లో పశువైద్యుడికి చూపించాలి. కూనలకు నులిపురుగులు సర్వసాధారణం. బరువును బట్టి డాక్టరు మందు ఇస్తారు. 6 – 8 వారాల వయసులో మొదటి టీకా వేయించి, 16 వారాలు వచ్చేదాకా 3 – 4 వారాలకొకసారి మళ్లీ వేయించాలి. కూనలను రెండు మూడు రోజుల్లోనే పొట్టనపెట్టుకునే పాన్‌ల్యూకోపీనియా నుంచి రక్షించేది ఈ టీకానే. మూడు నెలలకు రేబిస్ టీకా. ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో తిరిగి వేయించాలి.

ఒక రోజంతా తినకపోయినా, వాంతులు, విరేచనాలు ఆగకపోయినా, మూత్రం రాక ముక్కుతున్నా "రేపు చూద్దాం" అనకూడదు. మన ఇంటి మందులడబ్బా అసలు తెరవకూడదు. మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల కోసం అమ్మే కొన్ని గోమారి మందులు కూడా అంతే ప్రమాదం.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో రేబిస్ టీకా ఇస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే ఊదడం, తాయెత్తులు అంటూ కాలం గడపరాదు.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వెళ్లగొట్టవలసిన పనిలేదు. తొట్టి శుభ్రం చేసే పని మాత్రం మరొకరు చేయాలి. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకితే కడుపులోని బిడ్డకు హాని. అది మలంతో బయటపడ్డాక సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కనుక తొట్టిని ప్రతిరోజూ శుభ్రం చేస్తే ముప్పు బాగా తగ్గుతుంది.

ఇంట్లో పొంచి ఉన్న ప్రమాదాలు

బాల్కనీకి, కిటికీలకు వల బిగించాలి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా ఏమీ కాదన్నది అబద్ధం. కుట్టుమిషను దారం, సూది, గాలిపటం మాంజా, తెగిన తస్బీహ్ దారం మింగితే పేగులు కోసుకుపోతాయి. నాఫ్తలీన్ ఉండలు, ఎలుకల మందు, ఫినాయిల్ అందకుండా దాచాలి. గాఢమైన అత్తరు, సుగంధ తైలాలు దాని ఒంటికి అంటనివ్వకూడదు. నాకి శుభ్రం చేసుకునే అలవాటు వల్ల అవి కడుపులోకి పోతాయి. బట్టల మిషను వేసేముందు లోపలికి, కారు తీసేముందు కిందికి ఒకసారి చూడాలి.

నమాజు సంగతి

పిల్లి వెంట్రుక బట్టలకు అంటితే నమాజు చెడదు. దాని మలమూత్రాలు మాత్రం అశుద్ధం. బట్ట, జానమాజ్ కడగవలసిందే. అది మూతిపెట్టిన నీటి విషయంలో, వేరే నీళ్లు ఉండగా దాన్ని వాడటం మక్రూహ్ తన్‌జీహీ అని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. ఇతరులు ఏ అభ్యంతరమూ లేదన్నారు.

పిల్లి ఆరు నెలలలోపే ఈడుకు రావచ్చు. ఈత మీద ఈత పెరిగి, కూనలు వీధిపాలవుతాయి. అందుకే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించమని వైద్యులు సూచిస్తారు. దీనిలో ఉలమాల మధ్య విభేదం ఉంది. మేలు చేకూరే చోట అనుమతి ఉందని హనఫీ ఫిఖహ్ వివరణ. సందేహమున్నవారు తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

తలుపుకు వేసే తాళం

చివరికి, అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. వేసవి సెలవులొచ్చాయి. ఇంటిల్లిపాదీ ఊరికి ప్రయాణం. కూన పెద్దదైంది, పిల్లల మోజు తీరింది. గిన్నెడు తిండి పెట్టి తాళం వేసి వెళ్లిపోతాం. లేదా సంచిలో వేసుకెళ్లి కేబీఆర్ పార్కు గోడ పక్కన వదిలేసి, "అల్లాహ్ చూసుకుంటాడు" అనుకుంటాం.

సోదరులారా! మొదటిది ఆ స్త్రీ చేసిన పనే. రెండోది స్వేచ్ఛ ఇవ్వడం అని భ్రమపడవద్దు. ఇంటి తిండికి అలవాటై, వేట తెలియని పిల్లిని వీధికుక్కల మధ్య వదలడం దాన్ని మరణానికి అప్పగించడమే. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే. ఊరెళ్లేటప్పుడు రోజూ వచ్చి చూసే నమ్మకస్తుడికి తాళంచెవి అప్పగించాలి. ఇక పెంచలేమనుకుంటే, పోషించగలిగే ఇల్లు వెతికి చేతికి చేయిగా అప్పగించాలి. అమానతును తిరిగి ఇవ్వడమంటే అదే.

సినిమాలో జంతువు కనిపిస్తే, దానికి హాని జరగలేదని తెరమీద ఒక ప్రకటన వేస్తారు. 2001 నాటి నిబంధనల ప్రకారం చిత్రీకరణలో జంతువులను వాడాలంటే అనుమతి కావాలి, లెక్క చెప్పాలి. మన నాలుగు గోడల మధ్య ఆ లెక్క అడిగే అధికారి ఎవరూ రారు. కానీ చూసేవాడు చూస్తూనే ఉన్నాడు. దాహంతో ఉన్న కుక్కకు బావిలో దిగి నీళ్లు తోడి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని, ప్రాణమున్న ప్రతిదానికీ చేసే మేలులో పుణ్యం ఉందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త వినిపించారు. ఒకే ఇంట్లో ఒకే కూన ఒకరికి క్షమాపణకు దారి కావచ్చు, మరొకరికి శిక్షకు కారణం కావచ్చు.

పిల్లలతో కూర్చుని మాట్లాడుకోండి

1. హదీసులోని స్త్రీ ముందున్న రెండు దారులు ఏవి? మన ఇంటి పిల్లికి వాటిలో ఏది తెరిచి ఉంది?
2. ఈరోజు దాని గిన్నెలో నీళ్లు మార్చింది ఎవరు?
3. తర్వాతి టీకా ఏ తేదీన?
4. మనం ఊరెళితే దాన్ని చూసేదెవరు?

ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన ఇంట్లోనే కూన క్షేమంగా ఉంటుంది. నోరులేని ప్రాణుల పట్ల మన హృదయాల్లో దయను, చేతుల్లో బాధ్యతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.