దినదిన పరిచర్య

పాఠ్యభాగము: అపొ. కార్యములు 6:1–6

యెరూషలేము సంఘములో దినదినము భోజనము పంచుచుండగా కొందరు విధవరాండ్రు మరువబడిరి. అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. ఆ పనికి ఏడుగురిని నియమించిరి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో అట్టి పంపకము అంగన్‌వాడీలది. 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు, బాలింతలకు ఒకపూట భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడనే తినిపించు ఏర్పాటు చేసెను. ఇంటికి తెచ్చినచో తల్లి వంతు పిల్లలకే పోవును గదా! గర్భము మొదలు రెండేండ్లలోపు బిడ్డకు తగ్గిన పోషణ పిమ్మట పూడ్చుట బహు కష్టము.

అయితే కూలికి పోయిన గర్భిణి భోజనవేళకు చేలో నుండును. వలస నుండి తిరిగివచ్చినవారి పేరు పట్టీలో లేకపోవచ్చును. స్త్రీల సమాజమువారు ఇట్టివారిని వీధివీధిని విచారించి, అంగన్‌వాడీ టీచరమ్మతో చెప్పి వ్రాయింపుడు. మన సంఘమువారా కారా అని అడుగవద్దు. పిడికెడు బియ్యము ఎత్తు ఇండ్లవారు కొంత కందిపప్పో వేరుసెనగలో చేర్చుడి. బియ్యము రేషను దుకాణములో దొరకును, పేదయింట కొరత పప్పుకే.